దీపం పెట్టే చేతికి ఏ పుస్తకం ఇద్దాం?

(విజయవాడలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "నాస్తిక సాహిత్యం - స్త్రీలు". ఇది చాలా పెద్ద అంశం. దాన్ని కుదించి మనందరికీ రోజూ ఎదురయ్యే ఒక ప్రశ్న దగ్గరికి తెచ్చుకున్నాను. మన సంఘాలకు వచ్చే స్త్రీలలో చాలా ఎక్కువమంది దేవుణ్ణి నమ్మేవాళ్లే. శుక్రవారం మీటింగంటే పూజ అయ్యాక వస్తామంటారు. ఆదివారం పెడితే ప్రార్థన ఉందంటారు. రంజాన్ నెలలో సాయంత్రం సభ పెడితే వన్‌టౌన్ నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. వీళ్ల చేతికి నాస్తిక పుస్తకాలు ఇవ్వాలా? ఇస్తే ఏ పుస్తకం, ఎప్పుడు, ఎలా ఇవ్వాలి? ఇదీ ప్రశ్న.

ఈ ప్రశ్న వేసుకోవడానికి విజయవాడ తగిన ఊరే. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ఉంది, గుణదల కొండ మీద మేరీమాత ఉంది, పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. పుస్తకాలు అచ్చయ్యే ఊరు కూడా ఇదే. గ్రంథాలయోద్యమం 1914లో సంఘంగా రూపుదిద్దుకున్నదీ ఇక్కడే. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కాలవ వెంట ఊళ్లకు పంపించారు. ఈ డెల్టాలో నీళ్లు పారిన దారినే పుస్తకాలూ పారాయి. కాని ఆ పుస్తకాలు వీధి అరుగు దాటి వంటింటి దాకా ఎన్ని వెళ్లాయన్నది మనం అడగవలసిన ప్రశ్న.

ముందుగా నా సంగతి చెప్పాలి. నేను నాస్తికురాలిని. ఈ మాట దాచుకుని మాట్లాడటం న్యాయం కాదు. అయితే నాస్తికురాలినైనంత మాత్రాన ఇంకొకరికి పుస్తకం ఇవ్వడం తెలిసినట్టు కాదు. ఇరవయ్యేళ్ల కిందట నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

2004లో డాక్టరేట్ కోసం దివిసీమలో పొదుపు సంఘాల మీద పరిశోధన చేస్తున్నాను. ఒక ఊళ్లో ఒక ఇంటికి ఆరు నెలలుగా వెళ్లి వస్తున్నాను. ఆ ఇంటావిడని పిన్నీ అని పిలిచేదాన్ని. అప్పటికి ఆమెకు యాభైకి దగ్గర వయసు. ఐదో తరగతి దాకా చదువుకుంది. సంఘం లెక్కలు తనే రాసేది. పకోడీలు కట్టిచ్చిన కాగితం కూడా విప్పి చదివాకే పారేసేది. రోజూ పొద్దున్నే దీపం పెట్టి గాని కాఫీ నోట్లో పోసుకునేది కాదు. ఇంత చదివే మనిషి ఇంకా దీపాల దగ్గరే ఆగిపోయిందేమిటా అని నాకు బాధగా ఉండేది. రంగనాయకమ్మ గారి 'రామాయణ విషవృక్షం' మొదటి భాగం తీసుకెళ్లి చేతిలో పెట్టాను. ఎప్పుడు పెట్టానో వినండి. కృష్ణా పుష్కరాలకు వారం ముందు! ఇంటినిండా చుట్టాలు.

పుష్కరాలయ్యాక మళ్లీ వెళ్లాను. పాత పేపర్లో చుట్టి అటక మీద దాచిన పుస్తకం తీసి నా చేతికిచ్చింది. "అమ్మాయ్, నీ పుస్తకం మీద నాకేం కోపం లేదు. రాముడు తప్పు చేశాడంటే చేసే ఉంటాడు, మగాడేగా. కాని అసలు దేవుడే లేడంటే నేను పొద్దున్నే లేచి నా పిల్లల్ని ఎవరికి అప్పజెప్పుకోవాలి?" అంది.

ఏ పిల్లలు అని అడిగాను. ఆమెకు 1977 ఉప్పెనలో ఇద్దరు పిల్లలు పోయారు. ఒకడికి మూడేళ్లు, ఇంకొకతె చంటిది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో అన్నం తింటున్నాను, నాకు ఆ సంగతి తెలియదు. నా ప్రశ్నావళిలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, సంతకం ఎవరు పెడతారు, అన్నీ ఉన్నాయి. పోయిన పిల్లల గురించి ప్రశ్న లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంకొక మాట కూడా చెప్పింది. అది కార్తీకమాసం. మొదటి సోమవారం ఉపవాసం ఉండాలి. చంటిపిల్లకు పాలిస్తోంది కనక ఆకలికి ఆగలేక మధ్యాహ్నం అన్నం తినేసింది. ఆ శనివారమే ఉప్పెన వచ్చింది. "సోమవారం నోరు కట్టుకోలేకపోయావు, పిల్లల్ని మింగేశావు" అని అత్తగారు అన్నది. అత్తగారు పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం ఇరవయ్యేడేళ్లుగా ఆమెలోనే ఉండిపోయింది.

మిత్రులారా, ఇక్కడ ఇద్దరు దేవుళ్లున్నారు. పొద్దున్నే దీపం పెట్టి పిల్లల్ని అప్పజెప్పుకునే దేవుడొకడు. పాలిచ్చే తల్లి అన్నం తిన్నందుకు పిల్లల్ని చంపేసిన దేవుడొకడు. ఆమె దృష్టిలో ఇద్దరూ ఒకరే. నేను మొదటివాడి మీదికి పుస్తకం విసిరాను. ఆమెకు సాయం కావలసింది రెండోవాడి దగ్గర. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క తేడా గురించే.

మతం స్త్రీలకు ఏం చేస్తుందనే చర్చ మన ఉద్యమంలో పాతదే. పితృస్వామ్యం తన మాటను దేవుడి నోట పలికిస్తుందని మనం చెబుతూ వచ్చాం. అది నిజం. భర్త చనిపోతే నీ పాపం, పిల్లలు పుట్టకపోతే నీ దోషం, ఆడపిల్ల పుడితే నీ కర్మ, నెలసరి వస్తే నువ్వు అంటు. నిందంతా వచ్చి ఒక్క శరీరం మీద పడుతుంది. కాని ఇందులో రెండో సగం ఉంది. మన ఊళ్లలో స్త్రీకి మొగుడి అనుమతి అడగక్కర్లేకుండా ఇల్లు కదిలే అవకాశం గుడో చర్చో మాత్రమే ఇస్తుంది. భజన మండలిలో ఆమె గొంతు పైకి వినిపిస్తుంది. ఉపవాస ప్రార్థనలో మొగుడు కొట్టిన సంగతి చెప్పుకుని పదిమంది మధ్య ఏడవగలుగుతుంది. ఆ పదిమంది మరునాడు ఇంటికొచ్చి పలకరిస్తారు. మనం పుస్తకం ఇచ్చి ఈ రెండో సగం కూడా తీసేసుకుంటే, దాని బదులు ఏం ఇస్తున్నాం? నెలకొక్కసారి మీటింగు, టీ, బిస్కెట్టా?

అలాగని పుస్తకం ఇవ్వడమే మానేద్దామా? ఆ వాదన కూడా మన మధ్య ఉంది. "వాళ్ల నమ్మకాలు వాళ్లవి, మనకెందుకు? జనం దూరమవుతారు, నిధులు ఆగిపోతాయి" అంటారు. ఇది కొత్త భయం కాదు. అమెరికాలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1895లో 'స్త్రీల బైబిల్' మొదటి భాగం ప్రచురించింది. బైబిల్లో స్త్రీల గురించి ఉన్న భాగాలు తీసుకుని, ఇది దేవుడి మాటా, మగవాడి మాటా అని అడిగింది. మరుసటి ఏడాదే అక్కడి స్త్రీల ఓటు హక్కు సంఘం ఈ పుస్తకంతో తమకు సంబంధం లేదని తీర్మానం చేసింది. ఆ సంఘానికి ఆమె అధ్యక్షురాలిగా పనిచేసిందని గుర్తుంచుకోవాలి. వాళ్ల ఇబ్బంది మనకు అర్థమవుతుంది. కాని సందేహించే హక్కు కూడా హక్కే. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛ అనే మాట వాడింది. నమ్మే హక్కుతోపాటు నమ్మకపోయే హక్కు కూడా అందులో ఉంది. 1976లో చేర్చిన 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటుంది. ఇవి మగవాళ్లకేనని ఎక్కడా లేదు. ఆడవాళ్లు తట్టుకోలేరని మనమే నిర్ణయించి పుస్తకం దాచేస్తే, వాళ్లను చిన్నపిల్లల్లా చూసే పనిలో మనమూ చేరినట్టే.

కాబట్టి పుస్తకం ఇవ్వాలి. అయితే మన ప్రశ్నతో కాకుండా ఆమె ప్రశ్నతో మొదలుపెట్టి ఇవ్వాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో మీకు తెలుసు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు చదివిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు వల్ల బతుకు పాడైన ఒక ఆడమనిషి కథ. అది తమ కథేనని చదివినవాళ్లకు తెలిసింది. చదివి ఊరుకోలేదు, సారా దుకాణాల మీదికి నడిచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం అంత పని చేసిందంటే, అది వాళ్లు అప్పటికే అడుగుతున్న ప్రశ్న దగ్గర మొదలైంది కనకే.

మళ్లీ పిన్ని దగ్గరికి వస్తాను. తర్వాతి నెలల్లో నేను ఆమెకు ఏ నాస్తిక గ్రంథమూ ఇవ్వలేదు. తుఫాన్ల గురించి దొరికినవన్నీ చదివి, తెలుగులో నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను. ఇద్దరం కూచుని చదువుకున్నాం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో 10,000 మందికి పైగా చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫానే ఇదే తీరాన్ని కొట్టింది. ఆసారి లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. మధ్యలో పదమూడేళ్లలో తుఫాను ఆశ్రయాలు కట్టారు, హెచ్చరికల ఏర్పాటు మెరుగైంది. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. పిన్ని చాలాసేపు ఊరుకుని, "అంటే మధ్యలో ఆడాళ్లెవరూ ఉపాసాలు ఎక్కువ చెయ్యలేదుగా?" అంది. లేదన్నాను. "బస్సు పంపిస్తే నా పిల్లలు బతికేవాళ్లా?" అంది. బతికి ఉండేవాళ్లేమో అన్నాను. అప్పుడు ఏడ్చింది. అంతకు ముందు ఆ ఇంట్లో ఆమె ఏడవగా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున కూడా దీపం పెట్టింది. ఇప్పటికీ పెడుతుంది. కాని కార్తీక సోమవారం మాట తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నాస్తికత్వం ఆమెకు చెయ్యగలిగిన మొదటి మేలు అదేనని నా అభిప్రాయం. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆమె తేల్చుకుంటుంది. నేరం ఆమెది కాదన్నది మాత్రం వెంటనే తేలాలి.

ఇక పుస్తకాల సంగతి.

మన డెల్టాలో హేతువాద సాహిత్యానికి తక్కువేమీ లేదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబుకవధ' రాశారు, తర్వాత 'సూతపురాణం' రాశారు. పెళ్లి తంతు అర్థమయ్యే తెలుగులో ఉండాలని 'వివాహ విధి' రాసి, అలా పెళ్లిళ్లు జరిపించారు. ఆయన కృషిని గౌరవిస్తూనే ఒక మాట అనాలి. ఈ హేతువాదం చాలావరకు భూమి ఉన్న రైతు కుటుంబాల మగవాళ్ల మధ్య తిరిగింది. పురోహితుడి పెత్తనాన్ని ప్రశ్నించినంత గట్టిగా ఇంటి పెద్ద పెత్తనాన్ని ప్రశ్నించలేదు. దండల పెళ్లి చేసిన ఇళ్లలో కూడా కట్నం లెక్క ముందు రాత్రే తేలిపోవడం నేను చూశాను. వీధిలో దేవుడు లేడని ఉపన్యాసం ఇచ్చి, ఇంటికొచ్చి "మా ఆడాళ్లకు మూఢనమ్మకాలెక్కువ" అని నవ్వే పెద్దలను మీరూ చూసి ఉంటారు. ఆడవాళ్ల భక్తిని ఎగతాళి చేసే పుస్తకం ఎంత హేతుబద్ధంగా ఉన్నా, మన స్త్రీల చేతికి మొదటి పుస్తకంగా పనికిరాదు. వాళ్లు ఎగతాళి పడటం కొత్త కాదు.

నేనైతే మొదట ఇచ్చేది సరస్వతి గోరా గారి 'గోరాతో నా జీవితం'. ఆమె 1912లో ఛాందస కుటుంబంలో పుట్టారు. పదేళ్లకు పెళ్లయింది. భర్త గోరా జంధ్యం తీసేసినందుకు ఇద్దరూ అత్తవారింటి నుంచి బయటికి నడవవలసి వచ్చింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది, 1947లో విజయవాడకు మారింది. స్వాతంత్ర్యోద్యమంలో పసిబిడ్డతో జైలుకు వెళ్లారు. 2006 దాకా మన మధ్య ఉన్నారు. ఈ జీవితంలో వాదాల కంటే పనులు ఎక్కువ. వంట, పిల్లలు, బంధువుల వెలి, చేతిలో డబ్బు లేకపోవడం, ఇవన్నీ మన స్త్రీలు వెంటనే గుర్తుపడతారు. నాస్తికత్వం అంటే ఏదో మగవాళ్ల తర్కం కాదని, తొమ్మిదిమంది పిల్లల తల్లి బతికి చూపించిన జీవితమని తెలుస్తుంది. ఆ కుటుంబంలోని చెన్నుపాటి విద్య గారు 1969లో వాసవ్య మహిళా మండలి స్థాపించి స్త్రీల పనిలోకే వచ్చారు.

రెండోది గోరా గారు గాంధీతో తన అనుభవాల గురించి రాసిన పుస్తకం. 1951లో గాంధీజీ సంస్థ నవజీవన్ వాళ్లే ప్రచురించారు. నమ్మేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఇందులో ఒక పరమ ఆస్తికుడు, ఒక నాస్తికుడు ఎదురెదురుగా కూచుని మర్యాదగా మాట్లాడుకుంటారు. గోరా గారి పెద్దమ్మాయి పెళ్లి ఒక దళిత యువకుడితో నిశ్చయమైనప్పుడు, సేవాగ్రాంలో తన ఆధ్వర్యంలో జరపడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. నమ్మినవాడు నమ్మనివాడి కోసం ఒక మాట మార్చుకున్నాడు. మన సంఘాల్లో ప్రమాణాలు చేసేటప్పుడు ఇది గుర్తు చేసుకోవాలి.

'రామాయణ విషవృక్షం' మాటేమిటని అడుగుతారు. 1974 నుంచి మూడు భాగాలుగా వచ్చిన ఆ పుస్తకం మా తరం ఆడపిల్లలెందరికో కళ్లు తెరిపించింది. నాక్కూడా. 2004లో జరిగింది ఆ పుస్తకం తప్పు కాదు, ఇచ్చిన మనిషి తప్పు. కాని సీతను ప్రేమించే ఆమెకు అది రెండో మెట్టో మూడో మెట్టో. మొదటి మెట్టు ఆమె దగ్గరే ఉంది. మన అమ్మమ్మలు పాడుకున్న స్త్రీల రామాయణపు పాటలు తీయండి. ఊర్మిళ నిద్ర, లంకాయాగం, ఇవన్నీ ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం పాడుకున్నవి. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళను తలుచుకున్నది వాళ్లే. నమ్ముతూనే ప్రశ్నించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. అక్కడినుంచి ఓల్గా 'విముక్త' కథలకు రావచ్చు. అందులో సీత శూర్పణఖను, అహల్యను కలుసుకుని మాట్లాడుతుంది. సీతను వదులుకోమని ఆ కథలు అడగవు. ఆ తర్వాత విషవృక్షం అడిగేవాళ్లు వాళ్లే అడుగుతారు.

ఆడపిల్లలకు, కాలేజీ వయసువాళ్లకు భగత్ సింగ్ వ్యాసం ఇవ్వండి. ఉరికంబం ఎదురుగా ఉండగా 1930లో లాహోరు జైల్లో, తానెందుకు నాస్తికుడో వివరిస్తూ రాసింది. చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. నమ్మకం కష్టకాలంలో మనిషికి ఊరట ఇస్తుందని అతను ఒప్పుకుంటాడు. ఆ ఊరట వద్దనుకోవడం ఎంత కష్టమో దాచడు. ఇరవై మూడేళ్ల కుర్రాడికున్న ఆ నిజాయితీ మనక్కూడా ఉండాలి. కాస్త చర్చ ఇష్టపడేవాళ్లకు రస్సెల్ 1927లో తాను క్రైస్తవుణ్ణి ఎందుకు కాదో చెప్పిన ఉపన్యాసం ఉంది. మతానికి పునాది ముఖ్యంగా భయమేనన్న అతని మాట మీద ఆడవాళ్ల మధ్య చర్చ పెట్టి చూడండి. దేనికి భయపడతామో చెప్పడం మొదలుపెడితే జాబితా దేవుడితో ఆగదు. మల్లాది సుబ్బమ్మ గారి రచనలు సూటిగా, వాడుక భాషలో ఉంటాయి. గుంటూరు జిల్లా పోతార్లంకలో పుట్టి, ఇల్లాలిగా మొదలై హేతువాదం, స్త్రీల ఉద్యమం రెంటిలోనూ పనిచేసిన మనిషి ఆమె.

చలం గురించి తప్పక అడుగుతారు. బెజవాడలో ఏళ్ల తరబడి ఉండి, ఛాందసాన్ని అంత దెబ్బ కొట్టిన చలం 1950లో అరుణాచలం రమణాశ్రమానికి వెళ్లిపోయారు. ఇది మనకు ఇబ్బందని కొందరు ఆ సగం చెప్పరు. చెప్పాలి. మనిషి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు వెళ్లవచ్చు. దారి రెండువైపులా తెరిచి ఉందని తెలిస్తేనే స్త్రీలు భయం లేకుండా పుస్తకం తెరుస్తారు.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నది చూడాలి. డెల్టాలో దళిత స్త్రీలలో చాలామంది చర్చికి వెళ్లేవాళ్లు. పల్లెలో బడి, ఆసుపత్రి, పేరు చివర గౌరవం, వీళ్లలో చాలామందికి మిషన్ల ద్వారా వచ్చాయి. 1985 జులైలో కారంచేడులో దళితుల మీద దాడి జరిగినప్పుడు, బతికి బయటపడ్డవాళ్లు తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొక మతంగా బతుకుతున్న స్త్రీని "నీది ఏ మతం?" అని మీటింగులో అడగడమే ప్రమాదం. అలాంటి ఆమెకు అగ్రకులంలో పుట్టిన నేను వెళ్లి ఏసు లేడని పుస్తకం ఇస్తే, అది ఆమెకు శాస్త్రీయ దృక్పథంలా కాక పాత పెత్తనంలా వినిపిస్తుంది. ఆమెతో నేను అంబేద్కర్ గురించి మాట్లాడతాను. హిందూమత చిక్కుప్రశ్నల మీద ఆయన రాసింది 1987లో గాని అచ్చు కాలేదు. కులం మీద, మతం మీద అంత కఠినంగా రాసిన మనిషి 1956లో లక్షలమందితో బౌద్ధంలోకి వెళ్లారు. వదిలిపెట్టడంతోపాటు, వెళ్లి నిలబడటానికి ఒక చోటు కావాలని ఆయనకు తెలుసు. పండిత రమాబాయి కథ కూడా చెబుతాను. ఆమె క్రైస్తవం తీసుకుని, తనకు బుద్ధులు చెప్పబోయిన మతపెద్దలతో తన అంతరాత్మ తనదేనని వాదించింది.

ముస్లిం స్త్రీల దగ్గరా అంతే. 2007 ఆగస్టులో హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది, ఆమె నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ రోజునే. ఆ దాడిని మనం ఖండించాం, ఖండించాలి. కాని ముస్లింలను వెలివేయడానికి సాకులు వెతికేవాళ్లు కూడా ఆ పుస్తకాలనే చేతబట్టుకుంటారని మరిచిపోకూడదు. ముస్లిం స్త్రీలతో రొకేయా హుస్సేన్ 1905లో రాసిన 'సుల్తానా కల'తో మొదలుపెట్టవచ్చు. మగవాళ్లు పరదాలో ఉండి, ఆడవాళ్లు దేశం నడిపే కథ. చదివి అందరూ నవ్వుతారు, ఆ తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి.

చివరగా ఆచరణలో కొన్ని జాగ్రత్తలు.

మన ఆశ్రయ గృహంలో ఉన్న స్త్రీకి, మన ద్వారా అప్పు తీసుకున్న స్త్రీకి ఈ పుస్తకాలు మనంతట మనం ఇవ్వకూడదు. ఆమె కాదనలేదు. బియ్యం ఇచ్చి ప్రార్థనకు రమ్మనేవాళ్లను తప్పుపట్టే మనం, చాప ఇచ్చి నాస్తికత్వం చదవమనకూడదు. పుస్తకాలు అల్మరాలో ఉండాలి, అన్ని రకాలూ ఉండాలి, ఆమె అడిగితే తీసివ్వాలి.

పుస్తకం ఇంటికి పంపేముందు ఆ ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోవాలి. పిన్ని పుస్తకాన్ని అటక మీద దాచింది కనక సరిపోయింది. భర్త కంటపడి ఉంటే దెబ్బలు తినేది ఆమే, పుస్తకం ఇచ్చిన నేను కాదు. ఇలాంటి పుస్తకాలు సంఘం గదిలోనే చదువుకునే ఏర్పాటు మేలు. ఒకరు పైకి చదివితే చదువు రానివాళ్లూ వింటారు.

చట్టం కూడా తెలుసుకుని ఉండాలి. మత మనోభావాలను బుద్ధిపూర్వకంగా గాయపరచడం నేరమని 1927లో శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షన్ చేర్చారు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షన్. ద్వేషంతో చేసిన అవమానానికీ, విమర్శకూ తేడా ఉంది. అయినా ఫిర్యాదు చేసేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు. 2013లో నరేంద్ర దభోల్కర్‌ని, 2015లో పన్సారేని, కల్బుర్గిని, 2017లో గౌరీ లంకేశ్‌ని చంపిన దేశంలో ఉన్నాం. గ్రామంలో ఒంటరిగా పనిచేసే కార్యకర్త మీద ఈ భారం పెట్టి మనం నగరంలో కూచోకూడదు. నిర్ణయం సంఘం తీసుకోవాలి, వెనక సంఘం నిలబడాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆమె ఇచ్చిన పుస్తకం మనం కూడా చదవాలి. పిన్ని నాకు కార్తీక పురాణం ఇచ్చింది. చదివాను. నాకు నచ్చనివి చెప్పాను. విని, "నాకూ అవి నచ్చవులే, చదివేటప్పుడు దాటేస్తాను" అంది. ఆమె అన్నీ మింగేసే పాఠకురాలు కాదు. అది అంతకు ముందు నేను అడిగి తెలుసుకోలేదు.

ఒక్క సంఘటన చెప్పి ముగిస్తాను. 2010 జనవరి 15న, కనుమ నాడు, సూర్యగ్రహణం వచ్చింది. ఆ ఊళ్లో సంఘం సభ్యురాలి కోడలికి ఆరో నెల. అంతకుముందు ఆ వీధిలోనే ఒక బిడ్డ పెదవి చీలి పుట్టింది. మన భాషే దాన్ని గ్రహణం మొర్రి అంటుంది. పేరులోనే తల్లిని నేరస్థురాలిని చేసేశాం. ఆ బిడ్డ తల్లి గ్రహణం నాడు కూర తరిగిందని అందరూ అన్నారు, ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. అందుకని ఈ కోడల్ని పొద్దుటినుంచే గదిలో పెట్టారు. మంచినీళ్లు కూడా ఇవ్వకూడదన్నారు.

అప్పటికి మేం సంఘం గదిలో సరస్వతి గారి జీవితకథ కొంచెం కొంచెంగా చదువుకుంటున్నాం. గర్భవతిగా ఉండి గ్రహణం నాడు ఆమె బయట తిరిగారన్న సంగతి చెప్పుకున్నాం. డాక్టరు చెప్పింది కూడా మాట్లాడుకున్నాం. ఈ మొర్రి కొన్నిసార్లు వంశంలో ఉంటుంది, కొన్నిసార్లు ఫోలిక్ యాసిడ్ లోపం వల్లనో కొన్ని మందుల వల్లనో రావచ్చు, చాలాసార్లు ఫలానా కారణమని చెప్పలేం. పసితనంలోనే ఆపరేషన్ చేసి సరిచేయవచ్చు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు.

ఆ మధ్యాహ్నం పిన్ని ఆ ఇంటికి వెళ్లింది. నేను అక్కడ లేను, తర్వాత విన్నాను. గ్రహణం విడవలేదు కనక తను స్నానం చెయ్యలేదు, పూజా చెయ్యలేదు, తన నియమం తనే పాటించింది. కాని చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఆ పిల్ల గది తలుపు తీయించింది. అత్తగారు అడ్డొస్తే, "వచ్చే పాపం నాకు రానీ. ఒకసారి ఇరవయ్యేడేళ్లు మోశాను, నాకు అలవాటే" అందట.

ఆ పిల్ల నీళ్లు తాగింది. ఏప్రిల్లో మగపిల్లవాడు పుట్టాడు, నిక్షేపంలా ఉన్నాడు.

పిన్ని నాస్తికురాలు కాలేదు. కావాలని నేనిప్పుడు ఎదురుచూడటం లేదు. మన పుస్తకాలు ఎంతమందిని దేవుడి నుంచి విడదీశాయని లెక్కలు వేసుకోవద్దు. ఎన్ని గదుల తలుపులు తీయించాయో రిపోర్టుల్లో రాసుకుందాం.

సెలవు.